కౌమార వియోగ దుఃఖం: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో స్వరూపం, ఆసరా

కౌమార వియోగ దుఃఖం అంటే తల్లి, తండ్రి, తోబుట్టువు, తాత, అమ్మమ్మ, స్నేహితుడు వంటి ఆత్మీయులు చనిపోయినప్పుడు కౌమార వయసు పిల్లల మనసులో, శరీరంలో, నడవడిలో కనిపించే మార్పులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ల వరకు కౌమారంగా లెక్కిస్తుంది. ఈ దుఃఖం జబ్బు కాదు. ఎక్కువ మంది పిల్లలు ఇంటివారి, బడివారి, స్నేహితుల ఆసరాతోనే తట్టుకుంటారు. కొద్దిమందికి మాత్రమే వైద్య సహాయం కావాల్సి వస్తుంది. హైదరాబాద్ ఉత్తర శివారులోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఈ దుఃఖం ఏ రూపాల్లో కనిపిస్తుందో, ఆచారాలు, కుటుంబం, విద్యాసంస్థలు, ప్రభుత్వ వ్యవస్థలు పిల్లలకు ఎంతవరకు ఆసరా అవుతున్నాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రాంతం, నేపథ్యం

మేడ్చల్ 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండు రహదారులనూ కలుపుతుంది. 2016 అక్టోబర్ 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడదీసి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాను ఏర్పాటు చేశారు. జిల్లా సమీకృత కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. 2022 ఆగస్టులో దాన్ని ప్రారంభించారు.

ఇక్కడ నాలుగు రకాల జీవితాలు పక్కపక్కనే సాగుతున్నాయి. పాత ఊళ్లలో తరాలుగా వ్యవసాయం చేస్తున్న కుటుంబాలున్నాయి. వెంచర్లలో, అపార్టుమెంట్లలో ఉద్యోగుల కుటుంబాలున్నాయి. పారిశ్రామిక వాడల చుట్టూ ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు కిరాయి గదుల్లో ఉంటున్నారు. గురుకులాలు, ఇంటర్ కళాశాలల హాస్టళ్లు, హకీంపేటలోని రాష్ట్ర క్రీడా పాఠశాల వంటి చోట్ల వేరే జిల్లాల పిల్లలు చదువుకుంటున్నారు.

చావు కబురు ఈ నాలుగు చోట్లా ఒకేలా చేరదు. పాత ఊళ్లో వాడకట్టు మొత్తం వాకిట్లోకి వస్తుంది. అపార్టుమెంటులో పక్క ఫ్లాటు వారికి మర్నాటి దాకా తెలియకపోవచ్చు. వలస కుటుంబం మృతదేహంతో సొంతూరికి బయల్దేరితే, ఇక్కడి బడిలో చదివే పిల్లవాడి బెంచీ వారాల తరబడి ఖాళీగా ఉంటుంది. హాస్టల్ పిల్లకు కబురు వార్డెన్ నోటి నుంచో, ఫోన్‌లోనో అందుతుంది. కాబట్టి ఒకే రకమైన ఏర్పాటు ఈ ప్రాంతానికి సరిపోదు.

2014 నాటి రెండు దుర్ఘటనలు

ఏడు వారాల లోపు జరిగిన రెండు ఘటనలు, పిల్లల మరణాలు వారి తోటి పిల్లలను ఎంత విస్తృతంగా తాకుతాయో ఈ ప్రాంతానికి చూపించాయి.

2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా నీరు వదలడంతో, బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. వారు చదువుతున్న బాచుపల్లిలోని వి.ఎన్.ఆర్. విజ్ఞాన జ్యోతి కళాశాల నేటి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనే ఉంది. గాలింపు వారాల తరబడి సాగింది. చనిపోయారని తెలిసినా శవం చేతికి రాని కుటుంబాల్లో దుఃఖం వేరుగా ఉంటుంది. దహనం జరగదు, దినాలు లెక్కపెట్టలేరు, ‘ఏ ఒడ్డునో బతికే ఉన్నాడేమో’ అన్న ఆశ ఇంట్లో తమ్ముళ్లను, చెల్లెళ్లను వదలదు.

అదే ఏడాది జూలై 24 ఉదయం, మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు వెళ్లే రైలు మార్గంలోనే, అప్పటి మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద, కాపలా లేని గేటు దాటుతున్న బడి బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు ఢీకొట్టింది. డ్రైవరుతో పాటు పది మందికి పైగా విద్యార్థులు మరణించారు. గాయపడిన పిల్లలకు సికింద్రాబాద్ యశోద ఆసుపత్రిలో చికిత్స జరిగింది. ఇలాంటి ప్రమాదంలో చిన్న తమ్ముణ్ణి పోగొట్టుకున్న అన్న, బెంచీ పక్కన కూర్చునే నేస్తాన్ని పోగొట్టుకున్న తోటివాడు, ఆ రోజు బస్సు ఎక్కకపోవడం వల్ల బతికిన పిల్లవాడు కూడా దుఃఖంలో ఉంటారు. వారిని పలకరించడానికి మాత్రం ఎవరూ రారు. పరామర్శలన్నీ తల్లిదండ్రుల చుట్టూనే సాగుతాయి. ఆ తర్వాత దేశవ్యాప్తంగా కాపలా లేని గేట్ల తొలగింపు వేగం పుంజుకుంది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో వాటిని పూర్తిగా తొలగించినట్టు రైల్వే శాఖ ప్రకటించింది.

వయసు, అవగాహన, లక్షణాలు

పిల్లలకు చావు ఎలా అర్థమవుతుందన్న విషయంపై హంగరీ మనస్తత్వవేత్త మరియా నాగీ 1948లో ప్రచురించిన పరిశోధన తొలితరం అధ్యయనాల్లో ముఖ్యమైనది. 3 నుంచి 10 ఏళ్ల పిల్లలతో మాట్లాడి, చావును నిద్రగా లేదా ప్రయాణంగా భావించే దశ నుంచి, అందరికీ తప్పనిదని గ్రహించే దశకు తొమ్మిదేళ్లు దాటేసరికి చేరుకుంటారని ఆమె సూచించారు. తర్వాతి అధ్యయనాలు ఈ వయసు హద్దులను సడలించాయి కానీ, కౌమారానికి వచ్చేసరికి చావు తిరుగులేనిదని పిల్లలకు పూర్తిగా తెలుస్తుందన్న విషయంలో తేడా లేదు. పెద్దల్లాగే అన్నీ తెలుస్తాయి. ఆ తెలిసినదాన్ని మోసే అనుభవం మాత్రం ఇంకా ఉండదు. సాంత్వన కావాలి, చిన్నపిల్లల్లా మాత్రం కనిపించకూడదనుకుంటారు.

అందుకే కౌమారుల దుఃఖం బయటికి దుఃఖంలా కనబడదు. సాధారణంగా కనిపించే లక్షణాలివి:

- ఏడవకపోవడం, లేదా ఏకాంతంలో మాత్రమే ఏడవడం. ఇంట్లో దినాలు జరుగుతుండగానే క్రికెట్ ఆడటం, ఫోన్‌లో మునిగిపోవడం.
- చిన్న మాటకే విసుక్కోవడం, కోపం. అబ్బాయిల్లో ఇది తగాదాలుగా, బండి వేగంగా నడపడంగా మారవచ్చు.
- నిద్ర పట్టకపోవడం లేదా అతిగా నిద్రపోవడం, తలనొప్పి, కడుపునొప్పి, ఆకలి తగ్గడం.
- పుస్తకం తెరిచినా మనసు నిలవకపోవడం, మార్కులు పడిపోవడం. కొందరిలో తీరిక లేకుండా చదువులోకి దూరిపోవడం.
- ‘ఆ రోజు నేను ఫోన్ ఎత్తి ఉంటే’, ‘ముందురోజు నాన్నతో గొడవ పడకుంటే’ అన్న అపరాధ భావం.
- మిగిలిన తల్లి లేదా తండ్రి కూడా పోతారేమోనన్న భయం. అమ్మ బజారు నుంచి రావడం ఆలస్యమైతే పదేపదే ఫోన్ చేయడం.

బడిలో నవ్వుతూ తిరిగిన పిల్ల ఇంటికొచ్చి తలుపు వేసుకోవడం, మళ్లీ గంటకు సీరియల్ చూడటం నటన కాదు. దుఃఖాన్ని తునకలు తునకలుగా మోయడం ఆ వయసు తీరు. ‘వీడికి తండ్రి పోయిన బాధే లేదు’ అని బంధువులు అనే మాట పిల్లవాడి చెవిన పడితే, ఆ గాయం చాలాకాలం మానదు.

సిద్ధాంతాలు

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917 నాటి వ్యాసంలో దుఃఖాన్ని, పోయినవారి నుంచి మనసును క్రమంగా విడిపించుకునే పనిగా వివరించాడు. ఎలిజబెత్ కుబ్లర్–రాస్ 1969లో చెప్పిన ఐదు దశలు లోకంలో బాగా ప్రచారమయ్యాయి. అయితే అవి మొదట మరణశయ్య మీద ఉన్న రోగులతో మాట్లాడి రాసినవి. ఆత్మీయులను కోల్పోయిన పిల్లలు ఆ దశలను వరుసగా దాటాలని ఎదురుచూడటం సరికాదు. జాన్ బౌల్బీ 1980లో వెలువరించిన గ్రంథంలో వియోగాన్ని అనుబంధం తెగడంగా చూశాడు.

విలియం వర్డెన్ 1982లో దుఃఖితులు చేయాల్సిన నాలుగు పనులను సూచించి, తర్వాత సవరించాడు. వాటి సవరించిన రూపం ఇది: నష్టం నిజమని ఒప్పుకోవడం, బాధను అనుభవించడం, పోయినవారు లేని జీవితానికి అలవాటు పడటం, వారితో అనుబంధానికి కొత్త చోటు కల్పించుకోవడం. 1996లో డెనిస్ క్లాస్, ఫిలిస్ సిల్వర్‌మన్, స్టీవెన్ నిక్‌మన్ ‘కొనసాగే బంధాలు’ అన్న భావనను ముందుకు తెచ్చారు. పోయినవారిని మరచిపోవడం కోలుకోవడానికి షరతు కాదని, తలచుకోవడం, వారితో మనసులో మాట్లాడటం ఆరోగ్యకరమేనని వారి వాదం. ఏటా పెద్దలకు బియ్యం ఇచ్చుకునే తెలంగాణ ఇళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు.

మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో ప్రతిపాదించిన ద్వంద్వ ప్రక్రియ నమూనా కౌమారులకు బాగా వర్తిస్తుంది. దుఃఖితులు కాసేపు బాధలోకి, కాసేపు రోజువారీ పనుల్లోకి అటూ ఇటూ ఊగుతారని, ఆ ఊగిసలాటే కోలుకునే మార్గమని అది చెబుతుంది.

బోస్టన్‌లో వర్డెన్, సిల్వర్‌మన్ తల్లినో తండ్రినో కోల్పోయిన 70 కుటుంబాల్లోని 125 మంది పిల్లలను రెండేళ్లు గమనించారు. ఎక్కువ మంది నిలదొక్కుకున్నారు. దాదాపు ఐదింట ఒక వంతు మందిలో మాత్రం రెండేళ్ల తర్వాత కూడా తీవ్రమైన ఇబ్బందులు కనిపించాయి. పిల్లలు ఎలా ఉంటారన్నది, మిగిలిన తల్లి లేదా తండ్రి ఎలా నెట్టుకొస్తున్నారన్న దానిపై ఎక్కువగా ఆధారపడింది. అరిజోనాలో 156 కుటుంబాలతో చేసిన మరో ప్రయోగంలో పిల్లలకూ, మిగిలిన తల్లిదండ్రులకూ విడివిడిగా, సమాంతరంగా శిక్షణ ఇచ్చారు. ఆరేళ్ల తర్వాత కూడా దాని మేలు కనిపించింది. ఈ రెండు అధ్యయనాల నుంచీ తేలేది ఒకటే: పిల్లకు ఆసరా కావాలంటే ముందు మిగిలిన తల్లికో, తండ్రికో ఆసరా దొరకాలి.

కర్మకాండలో కౌమారుల స్థానం

ఈ ప్రాంతపు హిందూ కుటుంబాల్లో మూడో రోజు పిట్టకు పెట్టడం, ఆ తర్వాత కులాచారాన్ని బట్టి తొమ్మిది, పది, పదకొండో రోజుల్లో దినాలు చేయడం వాడుక. అస్థికలను గోదావరిలో కలపడానికి బాసర, ధర్మపురి, కాళేశ్వరం వంటి చోట్లకు వెళ్తారు. ముస్లింలు మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం జరుపుతారు. క్రైస్తవులు జ్ఞాపకార్థ ప్రార్థన కూటాలు పెడతారు. నవంబర్ 2న సమాధుల పండుగకు సమాధులను పూలతో అలంకరించి కొవ్వొత్తులు వెలిగిస్తారు.

ఈ ఆచారాలు పిల్లలకు మూడు విధాలుగా మేలు చేస్తాయి. మరణం నిజమని కళ్లారా చూపిస్తాయి. ఆడవాళ్లు శోకాలు తీస్తూ, పోయినవారి గుణగణాలు ఎత్తుకుని ఏడవడం, బాధను బాహాటంగా చెప్పుకోవచ్చన్న అనుమతి ఇస్తుంది. పొయ్యి వెలగని ఇంటికి అన్నం మోసుకొచ్చే బంధువులు, ఒక రాత్రి నిద్ర చేయడానికి తమ ఇళ్లకు తీసుకువెళ్లే మేనమామలు, పిల్లలు ఒంటరిగా మిగలకుండా చూస్తారు.

భారం కూడా అక్కడే మొదలవుతుంది. తండ్రి పోతే తలకొరివి కొడుకే పెట్టాలి. ఆ కొడుకుకు పద్నాలుగేళ్లే ఉండవచ్చు. ముందు కుండ పట్టుకుని నడవడం, చితికి నిప్పు పెట్టడం కొందరు పిల్లలకు ‘నాన్నకు నేను చేయగలిగింది చేశాను’ అన్న తృప్తినిస్తుంది. ముందుగా ఏమీ చెప్పకుండా జనం మధ్యలోకి నెట్టితే అదే దృశ్యం నెలల తరబడి నిద్రలో వెంటాడుతుంది. ఏం జరగబోతోందో, ఏం చూడాల్సి వస్తుందో ముందురోజు కూర్చోబెట్టి చెప్పడం, పక్కన బాబాయో మేనమామో చేయి పట్టుకుని ఉండటం, వద్దంటే మరొకరు చేసే వీలు ఉంచడం ఈ తేడాను నిర్ణయిస్తాయి.

ఆడపిల్లలది దీనికి ఎదురు పరిస్థితి. చాలా ఇళ్లలో వారిని శ్మశానం దాకా రానివ్వరు. కొడుకులు లేని ఇళ్లలో కూతుళ్లు తలకొరివి పెట్టిన వార్తలు తెలంగాణ పత్రికల్లో ఇప్పుడు తరచుగా వస్తున్నా, ఎక్కువ మంది ఆడపిల్లలకు చివరి చూపు వాకిలి దగ్గరే ముగుస్తుంది. వెళ్తావా అని అడగడం, వెళ్లలేకపోతే పూలు పెట్టడం, ఫొటో ఎంచడం, ఉత్తరం రాసి పాడె మీద ఉంచడం వంటి పని ఏదైనా వారి చేతిలో పెట్టడం అవసరం. ఈ కాలంలో చౌరస్తాలో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీకి ఫొటో ఎంచేది, వాట్సాప్ స్టేటస్‌లో చావు కబురు పెట్టేది తరచుగా ఇంట్లోని టీనేజీ పిల్లలే. పెద్దలు పట్టించుకోని ఈ పని కూడా కర్మలో భాగమే.

గుండుతో తిరిగి బడికి వెళ్లిన అబ్బాయికి, తండ్రి పోయాడని తరగతి మొత్తానికీ నోరు విప్పకముందే తెలిసిపోతుంది. ఆ ఆనవాలును ఎవరూ ఎగతాళి చేయకుండా చూడటం తరగతి ఉపాధ్యాయుల మొదటి పని.

మరణం తర్వాత వచ్చే తొలి పెత్రమాస, ఆ రోజే మొదలయ్యే ఎంగిలిపూల బతుకమ్మ, ఈ దుఃఖాన్ని మళ్లీ పైకి తెస్తాయి. పొద్దున ఇంట్లో పోయినవారి పేరిట బియ్యం ఇస్తారు. సాయంత్రం అదే వాడలో పాటలు మొదలవుతాయి. ఏడాదిలోపు పండుగ చేయకూడదని ఇంటివాళ్లు అంటారు, నేస్తాలు రమ్మంటారు. వెళ్లాలా వద్దా అన్నది ఆ పిల్లకే వదిలేసి, వెళ్లినా తప్పు కాదని తల్లి నోటితో చెప్పడం మేలు.

ఇంటి పెద్దల పాత్ర

చనిపోయిన సంగతిని నేరుగా, త్వరగా, నమ్మకమున్న మనిషి చెప్పాలి. ‘ఆసుపత్రిలో ఉన్నాడు, దా’ అని హాస్టల్ నుంచి పిలిపించి, ఇంటి ముందు టెంటు చూసి తెలుసుకునేలా చేయడం ఇక్కడ తరచుగా జరుగుతుంది. ప్రయాణంలో తట్టుకోలేరన్న భయంతో చేసే ఈ పని, తర్వాత పెద్దల మాట మీద నమ్మకాన్ని దెబ్బతీస్తుంది. ఎవరినైనా తోడు పంపి, బయల్దేరే ముందే నిజం చెప్పడం మంచిది.

పలకరింపుకు వచ్చినవారు అలవాటుగా అనే కొన్ని మాటలు పిల్లల మీద బరువు మోపుతాయి. ‘ఇగ ఇంటికి పెద్దదిక్కు నువ్వే బిడ్డా’, ‘నువ్వు ఏడిస్తే అమ్మ ఆగం అయితది’ అన్న మాటలతో పదిహేనేళ్లవాడు తన దుఃఖాన్ని పక్కనపెట్టి తల్లికి కాపలాదారుగా మారిపోతాడు. ఆడపిల్లకు ఆ మాట వంటగదిగా, తమ్ముడి ఆలనగా మారుతుంది. చదువు ఆపించడం, తొందరగా పెళ్లి చేయాలనుకోవడం దాని కొనసాగింపు. ‘బాధ్యతలు మేం చూసుకుంటం, నువ్వు చదువుకో, ఏడుపొస్తే ఏడువు’ అని ఇంటి పెద్ద ఒకరు నలుగురి ముందు అంటే ఆ బరువు కొంత దిగుతుంది.

పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి ‘నీ బాధ చెప్పు’ అంటే మాట రాదు. బండి మీద వెళ్తున్నప్పుడో, పొలం గట్టున నడుస్తున్నప్పుడో, కూరగాయలు తరుగుతున్నప్పుడో మాటలు వాటంతట అవే వస్తాయి. పోయినవారి పేరు ఇంట్లో ఎత్తకుండా దాచేయడం కంటే, వారి మంచీ చెడూ రెండూ మామూలుగా మాట్లాడుకోవడం నయం. పోయినవారి చొక్కా, వాచీ, ఫోన్ నంబరు వంటివి ఎవరికి ఇవ్వాలో, ఏవి ఉంచుకోవాలో తేల్చేముందు పిల్లలను అడగాలి.

తండ్రి మోటారు సైకిల్ విషయంలో జాగ్రత్త వేరుగా చెప్పాలి. గేర్ల బండికి 18 ఏళ్లు నిండకుండా లైసెన్సు రాదు. అయినా ‘నాన్న బండి’ అన్న మమకారంతో తాళం చెవి పిల్లవాడి చేతికి పోతుంది. లారీలు, కార్లు వేగంగా దూసుకుపోయే రెండు రహదారుల మధ్య నివసించే కుటుంబాలకు ఇది రెండో ప్రమాదం.

బడి, కళాశాల, హాస్టల్

దినాలు అయిపోయాక బంధువులు వెళ్లిపోతారు, పిల్లవాడు బడికి తిరిగొస్తాడు. ఆసరా ఎక్కువగా అవసరమయ్యేది, తక్కువగా దొరికేది అప్పుడే. విద్యాసంస్థలు ఖర్చు లేకుండా చేయగలిగినవి చాలా ఉన్నాయి.

తరగతి ఉపాధ్యాయుడు దినాలకు ముందే ఇంటికి వెళ్లి రావచ్చు. తోటి పిల్లలకు విషయం ఎంతవరకు చెప్పాలో ఆ పిల్లవాడినే అడగవచ్చు. తరగతిలో ఏడుపొస్తే అనుమతి అడగకుండా బయటికి వెళ్లి కూర్చునే చోటు, మాట్లాడటానికి ఒక ఉపాధ్యాయుడు ఉండేలా ముందే అనుకోవచ్చు. పోయిన పాఠాలను ఒకేసారి కాకుండా విడతలుగా రాయించవచ్చు. తల్లిదండ్రుల సమావేశానికి ‘నాన్నను తీసుకురా’ అనే బదులు ‘ఇంటి నుంచి ఎవరినైనా’ అనడం చిన్న మార్పే కానీ, ప్రతిసారీ రేగే గాయాన్ని అది తప్పిస్తుంది.

పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పరీక్షలు మరో ఒత్తిడి. ‘నాన్న ఆశయం కోసమైనా ర్యాంకు తెచ్చుకోవాలి’ అన్న మాట ప్రోత్సాహంగా అనిపించినా, మార్కులు తగ్గితే అది పోయినవారికి చేసిన ద్రోహంగా మారుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత తెలంగాణలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకోవడం, మార్కులకూ బతుక్కూ ముడిపెట్టడం ఎంత ప్రమాదకరమో చూపించింది.

తోటి విద్యార్థే చనిపోయినప్పుడు తరగతి మొత్తం దుఃఖంలో ఉంటుంది. ఆ బెంచీని మర్నాడే తీసేయకూడదు, నెలల తరబడి పూలమాలతో ఉంచనూ కూడదు. ఎప్పుడు మార్చాలో పిల్లలతో కలిసి నిర్ణయించాలి.

మరణం తీరును బట్టి తేడాలు

*రోడ్డు ప్రమాదం.* ఉన్నట్టుండి జరుగుతుంది, పోలీసు కేసు, శవపరీక్ష, మార్చురీ బయట నిరీక్షణ తప్పవు. ప్రమాద దృశ్యాల వీడియోలు ఫోన్లలో తిరుగుతాయి. పిల్లలు వాటిని చూడకుండా ఆపడం పూర్తిగా సాధ్యం కాకపోవచ్చు. చూశారా అని అడిగి, చూసినదాని గురించి మాట్లాడనివ్వడం సాధ్యమే.

*దీర్ఘవ్యాధి.* క్యాన్సర్, మూత్రపిండాల జబ్బు వంటి వాటిలో పిల్లలు నెలల ముందు నుంచే దుఃఖపడుతుంటారు. చావు తర్వాత కలిగే ఊరటకు వారు సిగ్గుపడతారు. అలసిపోయిన ఇంట్లో ఊరట సహజమని చెప్పాలి. రోగి బతికి ఉండగానే వీడ్కోలు చెప్పే అవకాశం ఇవ్వాలి.

*ఆత్మహత్య.* ఇంట్లో దాన్ని దాచిపెడతారు, ఊళ్లో గుసగుసలు నడుస్తాయి. ‘నా వల్లేనా’ అన్న ప్రశ్న పిల్లలను తినేస్తుంది. ఒకరి కారణంగా మరొకరు ఇలా చేయరని, ఎన్నో కారణాలు, తరచుగా చికిత్స అందని మనోవ్యాధి కలిసి దారితీస్తాయని స్పష్టంగా చెప్పాలి. జరిగిన తీరు వివరాల్లోకి వెళ్లకూడదు. ఈ పిల్లలను ఎక్కువ కాలం కనిపెట్టుకుని ఉండాలి.

*కొవిడ్ మరణాలు.* 2020, 2021లో వేల కుటుంబాలకు చివరి చూపు కూడా దక్కలేదు. 2021 జూలైలో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం, అప్పటికే ప్రపంచంలో 15 లక్షలకు పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమను సాకే లేదా తమతో కలిసి ఉండే తాత అవ్వల్లో ఒకరినో కోల్పోయారు. అప్పటి చిన్నపిల్లలే ఇప్పుడు కౌమారంలో ఉన్నారు. ఆ రోజుల్లో అర్థం కానిది ఈ వయసులో అర్థమై, పాత దుఃఖం కొత్తగా మొదలవ్వవచ్చు.

ప్రమాద సంకేతాలు, వైద్య సేవలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 11వ వ్యాధి వర్గీకరణ 2022 జనవరిలో అమల్లోకి వచ్చింది. మరణం జరిగి ఆరు నెలలు దాటినా తగ్గకుండా, రోజువారీ జీవితాన్ని స్తంభింపజేసే దుఃఖాన్ని అది ‘దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత’గా గుర్తించింది. అమెరికా మనోవైద్యుల సంఘం కూడా 2022 మార్చిలో దీన్ని తన రోగనిర్ధారణ గ్రంథంలో చేర్చింది. పెద్దలకు ఏడాది, పిల్లలకు, కౌమారులకు ఆరు నెలల గడువు పెట్టింది. ఆరు నెలలకు దుఃఖం ముగియాలని దీని అర్థం కాదు. అన్ని పనులూ ఆగిపోయి ఉంటే వైద్యుణ్ణి కలవాలని అర్థం.

గడువు కోసం ఆగకుండా వెంటనే సహాయం తీసుకోవాల్సిన సంకేతాలు: చనిపోవాలని ఉందనడం లేదా పోయినవారి దగ్గరికి వెళ్తాననడం, తనను తాను గాయపరచుకోవడం, ఇష్టమైన వస్తువులను పంచిపెట్టడం, మద్యం లేదా మత్తుకు అలవాటు పడటం, వారాల తరబడి తిండి, నిద్ర, స్నానం మానేయడం. ‘చనిపోవాలనిపిస్తోందా’ అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు; అడిగినవారితో మాట్లాడే దారి తెరుచుకుంటుంది. అలాంటి పిల్లలను ఒంటరిగా వదలకూడదు.

2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో, తెలుగుతో సహా పలు భాషల్లో, ఉచితంగా, రోజంతా అందుతుంది. ఆపదలో ఉన్న బాలల కోసం 1098 నంబరు ఉంది. ఈ ప్రాంతవాసులకు మేడ్చల్ సమీపంలోని ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఆసుపత్రి, నగరంలో గాంధీ ఆసుపత్రి, ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అందుబాటులో ఉన్నాయి. జాతీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలో మొదలైంది. మానసిక ఆరోగ్యం దాని లక్ష్యాల్లో ఒకటి. అవసరం ఎంతో చెప్పే ఒక కొలత ఉంది: నిమ్‌హాన్స్ నిర్వహించిన 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13–17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేల్చింది.

‘పిచ్చాసుపత్రి’ అన్న ముద్రకు జడిసి చాలా కుటుంబాలు ఎర్రగడ్డ పేరు ఎత్తవు. మొదట ఊళ్లోని ఆశా కార్యకర్తతో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులతో, లేదా ఫోన్ సేవతో మాట్లాడటం ఈ జంకును తగ్గిస్తుంది.

ఆర్థిక, చట్టపరమైన ఆసరా

సంపాదించే మనిషి పోతే పిల్లల దుఃఖంలో ఫీజు భయం కూడా కలుస్తుంది. పైగా చదువుకున్నది ఆ ఇంట్లో టీనేజీ పిల్లలే అయితే, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు, బీమా కాగితాల కోసం మీసేవ చుట్టూ తిరిగేది వాళ్లే. తండ్రి పేరు ముందు ‘లేట్’ అని తొలిసారి రాయాల్సి వచ్చేది ఆ దరఖాస్తుల్లోనే. ఈ తిరుగుడు పెద్దలు చేయగలిగితే అదే పెద్ద సహాయం. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయిస్తే తర్వాతి పనులు సులువవుతాయి.

తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టులో ప్రారంభించిన రైతు బీమా పథకం, 18–59 ఏళ్ల పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చేలా రూపొందింది. మిషన్ వాత్సల్య కింద వితంతు తల్లి దగ్గర లేదా బంధువుల దగ్గర పెరుగుతున్న అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల చేయూత ఉంది. కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు. దీన్ని ఆమోదించే జిల్లా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. కొవిడ్ కాలంలో తల్లిదండ్రులిద్దరినీ లేదా మిగిలిన ఒక్కరినీ కోల్పోయిన పిల్లలకు 2021 మేలో ప్రకటించిన పీఎం కేర్స్ బాలల పథకం, 23 ఏళ్లు నిండేసరికి 10 లక్షల రూపాయలు అందేలా ఏర్పాటు చేసింది. ఇద్దరూ లేని పిల్లల సంరక్షణను 2015 బాలల న్యాయ చట్టం కింద బాలల సంక్షేమ సమితి చూస్తుంది.

లోటుపాట్లు

ఈ ప్రాంతంలో వియోగానికి సమాజం స్పందించే తీరు తొలి పదకొండు రోజుల్లో బలంగా, ఆ తర్వాత బలహీనంగా ఉంటుంది. పాత ఊళ్లలో ఆచారం జనాన్ని కూడగడుతుంది. అపార్టుమెంట్లలో, కిరాయి గదుల్లో, హాస్టళ్లలో ఆ బలం కూడా దొరకదు. ప్రభుత్వ పథకాలు ఎక్కువగా డబ్బు రూపంలో, ఫోన్ నంబర్ల రూపంలో ఉన్నాయి. ఆరో నెలలో, మొదటి పండుగకు, పరీక్షల ముందు, ఏడాది మాసికం రోజున పిల్లవాడిని పేరు పెట్టి పలకరించే బాధ్యత మాత్రం ఏ వ్యవస్థకూ అప్పగించలేదు.

ఆ పని చేయగల మనుషులు ఇప్పటికే ఉన్నారు: తరగతి ఉపాధ్యాయుడు, వార్డెన్, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, మేనమామ, పక్కింటి అక్క. కావాల్సింది ఒక నిర్ణయం, ఒక తేదీల పట్టిక. ప్రతి బడి తన హాజరు పట్టీ పక్కన, ఆ ఏడాది ఇంట్లో ఎవరినైనా కోల్పోయిన పిల్లల పేర్లు, మరణం జరిగిన తేదీ, బాధ్యత తీసుకున్న ఉపాధ్యాయుడి పేరు రాసుకుని, ఏడాది పాటు నెలకోసారి పలకరించే ఏర్పాటు చేసుకుంటే, వైద్యుడి దగ్గరికి వెళ్లాల్సిన కొద్దిమందిని సమయానికి గుర్తించవచ్చు. మిగతావారికి ఆ పలకరింపే చాలినంత ఆసరా కావచ్చు.